గుండె మార్పిడికి ఆయుష్షు పోసిన షమ్‌వే

ప్రపంచంలో మనిషి నుంచి మనిషికి తొలిసారి గుండెను మార్చిన ఘనత దక్షిణాఫ్రికా వైద్యుడు క్రిస్టియాన్ బర్నార్డ్‌ది. ఆ శస్త్రచికిత్సను నమ్మదగిన వైద్యంగా తీర్చిదిద్దిన వారిలో అగ్రగణ్యుడు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శస్త్రవైద్యుడు నార్మన్ షమ్‌వే.

మిచిగన్ రాష్ట్రంలోని కలమజూలో 1923 ఫిబ్రవరి 9న షమ్‌వే జన్మించారు. న్యాయవాది కావాలని కళాశాలలో చేరిన ఆయన రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలోకి వెళ్లి, అక్కడి నుంచి వైద్యవిద్య వైపు మళ్లారు. 1949లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. మిన్నెసోటాలో శస్త్రచికిత్సలో శిక్షణ పొంది, 1958లో స్టాన్‌ఫర్డ్‌లో చేరారు.

శునకాలపై ప్రయోగాలు

సహచరుడు రిచర్డ్ లోయర్‌తో కలిసి ఆయన శునకాలకు గుండె మార్పిడి చేశారు. వేరుచేసిన గుండెను చల్లని ఉప్పునీటితో కాపాడారు. పాత గుండె పైగదుల వెనుక గోడలను దేహంలోనే ఉంచి, కొత్త గుండెను వాటికి కుట్టే పద్ధతిని రూపొందించి 1960లో ప్రకటించారు. తర్వాత చాలాకాలం వైద్యలోకం ఆ పద్ధతినే అనుసరించింది.

అందరూ ఆగిన చోట

1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో బర్నార్డ్ ముందడుగు వేశారు. ఆ రోగి 18 రోజులు జీవించాడు. 1968 జనవరి 6న షమ్‌వే అమెరికాలో తొలిసారిగా ఒక వయోజనుడికి గుండె మార్చారు. ఆ రోగి రెండు వారాలే బతికాడు. అదే ఫిబ్రవరిలో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో డాక్టర్ ప్రఫుల్ల కుమార్ సేన్ చేసిన మార్పిడిలో రోగి కొన్ని గంటల్లోనే కన్నుమూశాడు. పరాయి గుండెను శరీరం తిరస్కరించేది. దాన్ని ఆపే మందులు వాడితే అంటురోగాలు కమ్ముకొనేవి. మరణాలు పెరగడంతో చాలా ఆస్పత్రులు ఈ ప్రయత్నాన్ని విరమించాయి.

షమ్‌వే బృందం మాత్రం విరమించలేదు. 1970వ దశకమంతా రోగులను జాగ్రత్తగా ఎంపిక చేస్తూ, ప్రతి వైఫల్యానికీ కారణం వెదికింది. బృందంలోని ఫిలిప్ కేవ్స్ మెడ నరం గుండా సన్నని పరికరాన్ని పంపి, గుండె కండరం తునకను సేకరించే విధానాన్ని ప్రవేశపెట్టారు. దీంతో తిరస్కరణను ముందే పసిగట్టే వీలు కలిగింది. 1980లో సైక్లోస్పోరిన్ ఔషధ వినియోగం మొదలయ్యాక రోగుల ఆయుష్షు గణనీయంగా పెరిగింది. 1981 మార్చిలో బ్రూస్ రైట్జ్‌తో కలిసి గుండెను, ఊపిరితిత్తులను ఒకేసారి మార్చడంలో షమ్‌వే విజయం సాధించారు.

శిష్యులకే కత్తి

శస్త్రచికిత్సను శిష్యుల చేత చేయించి, తాను సహాయకుడిగా నిలవడం ఆయనకు అలవాటు. ఆయన వద్ద శిక్షణ పొందినవారు పలు ఆస్పత్రుల్లో గుండె మార్పిడి విభాగాలకు సారథ్యం వహించారు. కుమార్తె సారా సైతం గుండె శస్త్రవైద్యురాలయ్యారు.

భారత్‌లో 1994లో అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్‌డెడ్ స్థితిని గుర్తించింది. అదే ఏడాది ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పి.వేణుగోపాల్ దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు. అప్పటికి ఏడాది ముందే షమ్‌వే పదవీ విరమణ చేశారు. 83వ జన్మదినం జరిగిన మరునాడే, 2006 ఫిబ్రవరి 10న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు.