ఊపిరికి కాపలా కాసిన డాక్టరమ్మ రూపాబాయి

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే అందరం సర్జన్ ఎవరని అడుగుతాం. మత్తు ఇచ్చేది ఎవరని అడిగేవాళ్లు తక్కువే. కానీ కత్తి నడుస్తున్నంతసేపూ పేషెంట్ ఊపిరిని కనిపెట్టుకుని ఉండేది ఆ మత్తు డాక్టరే. ఈ పని చేసిన ప్రపంచంలోనే తొలి మహిళగా చాలామంది చెప్పే పేరు డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. ఆమె పని చేసింది మన హైదరాబాద్ దవాఖానాల్లోనే.

రూపాబాయిది పార్సీ కుటుంబం. 1846లో ఉర్దూ మాధ్యమంలో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో 1885లో ఐదుగురు అమ్మాయిలు చేరారు. వాళ్లలో రూపాబాయి ఒకరు. పరదాలో ఉండే ఆడవాళ్లు మగ డాక్టర్ ముందుకు రావడానికి వెనకాడే రోజులవి. 1889లో చదువు పూర్తి చేసిన ఆమెకు వచ్చిన పట్టా పేరు 'హకీం'.

అప్పట్లో స్కూల్ పెద్ద సర్జన్ ఎడ్వర్డ్ లారీ. మత్తుకు క్లోరోఫాం వాడేవారు. గుడ్డ మీద చుక్కలు వేసి ముక్కు దగ్గర పట్టడమే పద్ధతి. దాంతో కొందరు బల్ల మీదే ప్రాణాలు వదిలేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరినా అన్నది పెద్ద తగాదా. తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో 1888, 1889లో రెండు క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. లండన్ పత్రిక లాన్సెట్ తరఫున నిపుణుణ్ని రప్పించడానికి నిజాం 1000 పౌండ్లు ఇచ్చారు. వందల జంతువుల మీద పరీక్షించి, ముందు ఆగేది ఊపిరే, నాడి కాదు ఊపిరి చూడండి అని కమిషన్ తేల్చింది.

రూపాబాయి నేర్చుకున్నది ఈ వాతావరణంలోనే. రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్ దవాఖానాలో, జనానా ఆసుపత్రిలో ఏళ్ల తరబడి మత్తు ఇచ్చారు. ఇరవై ఏళ్ల అనుభవం వచ్చాక కూడా ఇక చాలనుకోలేదు. 1909లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు చదువు కోసం వెళ్లారు. ఎడిన్‌బరోలో ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా చదివారు. మత్తు వైద్యానికి విడిగా కోర్సులు లేని కాలమది. వాయువులతో చేసే పనికి ఆ రెండు సబ్జెక్టులే పునాది. తిరిగొచ్చి మళ్లీ హైదరాబాద్‌లోనే పని చేసి, 1920లో రిటైరయ్యారు.

ఇక కమిషన్ తీర్పు సంగతి. అది సగమే నిజమని తర్వాత తేలింది. క్లోరోఫాం తేలికపాటి మత్తులో కూడా గుండె లయను చెడగొట్టి ఆపేయగలదని 1911లో లండన్‌లో లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద చూపించారు. మెల్లగా క్లోరోఫాం వాడకమే పోయింది. ఊపిరి చూడమన్న మాట మాత్రం నిలిచింది, దానికి గుండె కూడా తోడైంది.

ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లో, ఐసీయూలో వేలికి పెట్టే ఆక్సీమీటర్, ఈసీజీ, వదిలే గాలిని కొలిచే మిషన్ ఉన్నాయి. అయినా పని పూర్తి కాలేదు. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో ఆక్సీమీటర్ అసలున్న దానికన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపించవచ్చని 2020లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. మన చర్మం రంగుకూ సంబంధించిన విషయమిది. మిషన్ అంకె బాగానే ఉన్నా పేషెంట్ మొహం, ఛాతీ కదలిక చూసే మనిషి పక్కన ఉండాల్సిందే. రూపాబాయి బతుకంతా చేసింది ఆ పనే.