మైదానమే పాఠశాల

శంషాబాదు విమానాశ్రయంలో దిగి నగరంలో అడుగుపెట్టే క్రీడాభిమానికి నేడు హైదరాబాదు అనగానే బ్యాడ్మింటన్, క్రికెట్ స్ఫురించడం సహజం. కాని ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో ఈ నగరం భారత ఫుట్‌బాల్‌కు పట్టుగొమ్మగా ఉండేది. ఆ కీర్తికి కారకులలో అగ్రగణ్యులు సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాలోకం ఆయనను రహీం సాహెబ్ అని గౌరవంగా పిలుచుకుంది.

రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులై, ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి, నగరంలోని పలు పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలోనూ డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతను స్వీకరించారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొంది.

క్రీడాకారుని దేహానికి ఒక్కొక్క ఆట ఒక్కొక్క పరీక్ష పెడుతుంది. ఫెన్సింగ్ నాకౌట్ పోటీలో ప్రత్యర్థులు మూడేసి నిమిషాల చొప్పున గరిష్ఠంగా మూడు విడతలు తలపడతారు. ఆ కొద్ది వ్యవధిలో కాళ్ళ బలమంతా మెరుపులా వెలువడాలి. ఫుట్‌బాల్‌లో ఆ మెరుపువేగంతో పాటు, దానిని 90 నిమిషాలు నిలుపుకొనే దమ్ము కూడా కావాలి. ఆనాడు మన దేశంలోని పోటీలు 70 నిమిషాలకే ముగిసేవి. అందువలన అంతర్జాతీయ పోటీలలో చివరి 20 నిమిషాలు మనవారికి గండంగా పరిణమించేవి. కండరాలలో నిలువ ఉన్న శక్తి తరిగి, కాళ్ళు బరువెక్కే ఘడియలవి.

ఈ లోపాన్ని రహీం చక్కగా గ్రహించారు. దేహదారుఢ్యాన్ని పెంచడం ఒక మార్గం. ఉన్న శక్తిని వృథా చేయకపోవడం మరొక మార్గం. ఒక్కడే బంతిని అంటిపెట్టుకొని పరుగెత్తితే అలసట అతనిదే. అందిన బంతిని వెంటనే సహచరునికి అందిస్తే పరుగు బంతిది అవుతుంది. ఈ సూత్రాన్ని అలవరచడానికి ఆయన బంతిని ఒక్కసారే తాకవలసిన పోటీలను, వాటంలేని కాలితోనే ఆడవలసిన పోటీలను కుర్రవాళ్ళకు నిర్వహించారు.

ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మన ఆటగాళ్ళలో అనేకులు ఆనాడు వట్టికాళ్ళతోనే ఆడారు. ఆ పరాభవంతో రహీం కుంగిపోలేదు. నాలుగేళ్ళ తరువాత మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన తొలి ఆసియా దేశం మనదే. అక్కడ యుగోస్లావియాపై ముందుగా గోలు చేసినప్పటికీ 4-1తో ఓడి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి క్యాన్సర్ రహీం దేహాన్ని తొలిచివేస్తున్నది. ఇతరుల దమ్మును పెంచిన గురువుకు తన ఊపిరే బరువైంది. అయినా ఆయన మైదానాన్ని వీడలేదు. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో ఓడిన జట్టును మళ్ళీ నిలబెట్టారు. జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రక్షణ పంక్తిలో ఆడే అతనిని రహీం ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే కొరియాపై పి.కె. బెనర్జీ, జర్నయిల్ చెరొక గోలు చేయగా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఒకరు.

తొమ్మిది నెలలు గడిచాయో లేదో, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. 2023 వరకు జరిగిన ఏ ఆసియా క్రీడలలోనూ భారత ఫుట్‌బాల్ జట్టు తిరిగి స్వర్ణం సాధించలేకపోయింది. శక్తిని కూడబెట్టడమే కాదు, దానిని ఎక్కడ, ఎవరికోసం వెచ్చించాలో తెలియడమే నిజమైన క్రీడావిద్య. ఆ విద్యను బోధించి, తానే ఆచరించి చూపిన ఉపాధ్యాయుడు రహీం సాహెబ్.