స్వామి జ్ఞానానంద

మన బిష్టుపూర్‌కి దగ్గర్లోనే జాదుగూడ యురేనియం గని ఉంది. మన దేశంలో మొదటి యురేనియం గని అదే. అక్కడి రాయిలోంచి వచ్చే కిరణాలు కంటికి కనిపించవు. అలాంటి వాటిని కొలిచే విద్యను విశాఖపట్నంలో నాటినవాడు ఒక సన్యాసి అంటే నమ్మగలరా?

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. చిన్న వయసులోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్లి, ఏళ్ల తరబడి తపస్సు చేశారు. స్వామి జ్ఞానానంద అయ్యారు.

తరువాత జర్మనీ వెళ్లారు. అక్కడ ఆధునిక భౌతికశాస్త్రం ఆయన మనసు దోచింది. ముప్పై దాటిన వయసులో, భాష కూడా కొత్తదైన దేశంలో, మళ్లీ విద్యార్థిగా కూర్చున్నారు. ప్రాగ్ నగరంలో ఎక్స్ కిరణాలపై పరిశోధన చేసి 1936లో డాక్టరేట్ పొందారు. అప్పటికి ఆయనకు నలభయ్యో ఏడు. ఆపైన ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర బీటా కిరణాలపై పనిచేశారు. అక్కడి నుంచి అమెరికా వెళ్లి మిచిగన్ విశ్వవిద్యాలయంలోనూ పరిశోధన సాగించారు. బీటా కిరణాలు గాలిలో చెదిరిపోతాయి. అందుకే పరికరంలోంచి గాలిని దాదాపు పూర్తిగా తీసేయాలి. ఆ పనిలో ఆయన ఆరితేరారు.

స్వాతంత్ర్యం వచ్చాక స్వదేశానికి తిరిగి వచ్చారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, అణు భౌతికశాస్త్ర ప్రయోగశాలను నిర్మించారు. అక్కడ గామా కిరణాలపై ఎన్నో పరిశోధనలు జరిగాయి.

గామా కిరణాలను కొలవడానికి సోడియం అయొడైడ్ స్ఫటికం వాడతారు. కిరణం తగలగానే అందులో చిన్న మెరుపు పుడుతుంది. అయితే స్ఫటికం మంచిదో కాదో ముందు పరీక్షించాలి. సీజియం-137 నుంచి వచ్చే గామా కిరణం శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులని మనకు ముందే తెలుసు. దాన్ని స్ఫటికం ముందు ఉంచి గ్రాఫు గీస్తారు. శిఖరం సన్నగా వస్తే స్ఫటికం మంచిది. వెడల్పుగా పరుచుకుంటే లోపం ఉన్నట్టే. ఈ స్ఫటికం ఉప్పులాగే తేమను పీల్చుకుని పాడవుతుంది. అందుకే గాలి చొరకుండా అల్యూమినియం డబ్బాలో మూసి ఉంచుతారు.

1969లో స్వామి జ్ఞానానంద కన్నుమూశారు. విశాఖలోని ఆ ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టారు.

నాన్నకో అమ్మకో బదిలీ అయినప్పుడల్లా మనం కొత్త ఊళ్లో, కొత్త తరగతిలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాం. అప్పుడు బెంగగానే ఉంటుంది. ఆ స్వామి పెద్దయ్యాక కూడా నాలుగు దేశాల్లో అలాగే మొదలుపెట్టారని గుర్తుంచుకుందాం.