పెట్టెమీది మూడక్షరాలు

సావనీరుకి ఒక ప్రసిద్ధుడి జీవితం వ్రాసి ఇమ్మని మన సంఘం వారు అడిగినప్పుడు, ఫిజిక్సు విద్యార్థిని గనుక నేను సి.వి. రామన్ గారి గురించి వ్రాస్తానని మిత్రులు అనుకున్నారు. కాదంటే మన పొరుగున భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉండనే ఉన్నారు. వారి గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నేను ఎంచుకున్న మనిషి ప్రొఫెసరు కాడు, బహుమతులు అందుకున్నవాడూ కాడు. ఆయన ముఖం మీలో ఎవరూ చూసి ఉండరు. కాని ఆయన పేరులోని మూడక్షరాలు మన హాస్టల్లో రెండు గదులకొకటి చొప్పున కనబడతాయి. జె.బి.ఎల్. అంటే జేమ్స్ బి. లాన్సింగ్. అది కంపెనీ పేరే గాని మనిషి పేరని మొన్నమొన్నటి దాకా నాకూ తెలియదు.

తెలుసుకోవలసి రావడానికి కారణం మా మామయ్య. మాది కొల్లేటి ఒడ్డున పల్లెటూరు. నాన్న వరి వేస్తారు. మామయ్యకి చేపలచెరువులో వాటా ఉండేది. 2006లో సరస్సులోని చెరువుగట్లు తెగ్గొట్టినప్పుడు ఆ వాటా పోయింది. నేనప్పటికి ఒళ్ళో పిల్లవాణ్ణి. తర్వాత ఆయన సౌండు సర్వీసు పెట్టాడు. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళు, ఇవీ ఆయన బేరాలు. రెండేళ్ళ క్రితం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి జె.బి.ఎల్. బాక్సులు ఒక జత కొన్నాడు. కొన్న నెలనుంచీ ఒకటే మాట. పాత రోజుల్లో ఏలూరు సినిమాహాల్లో అవే అక్షరాలున్న స్పీకర్లలో ఘంటసాల పద్యం వింటే గుండెమీద చెయ్యి వేసినట్టుండేదట, ఇప్పటి పెట్టెలు అరవడం తప్ప పాడటం మానేశాయట, కంపెనీ చెడిపోయిందట. నేను ఊరుకోకుండా, శబ్దాన్ని కొలవకుండా అలా అనకూడదు అన్నాను. మేనల్లుడికి కాలేజీ చదువు బాగా ఒంటబట్టిందని ఆయన నలుగురిలో వేళాకోళం చేశాడు. ఆ ఉక్రోషంతో చదవడం మొదలుపెట్టాను.

లాన్సింగ్ 1902 జనవరి 14న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, మకూపిన్ కౌంటీలో పుట్టాడు. అప్పటి పేరు జేమ్స్ మార్టిని. తండ్రి బొగ్గుగనుల్లో ఇంజనీరు. పధ్నాలుగుమంది సంతానంలో ఇతను తొమ్మిదోవాడు. మన తాతల నాటి ఇళ్ళలాంటి ఇల్లే అన్నమాట. పన్నెండేళ్ళకే రేడియో ట్రాన్స్‌మిటరు తయారుచేశాడనీ, నౌకాదళం వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి దాన్ని విప్పించేశారనీ ఆయన గురించి వ్రాసినవాళ్ళందరూ చెప్పే కథ. పెద్ద చదువులు లేవు. మోటారు మెకానిక్కుగా పనిచేశాడు. 1924లో తల్లి చనిపోయాక ఇల్లు విడిచి పడమటికి పోయి సాల్ట్‌లేక్ సిటీలో రేడియో స్టేషన్లో కుదిరాడు. అక్కడే గ్లెన్నాను పెళ్ళాడాడు. అక్కడే కెన్ డెకర్ అనే వ్యాపారస్తుడు స్నేహితుడయ్యాడు. డెకర్‌కి లెక్కలు తెలుసు, లాన్సింగ్‌కి పని తెలుసు. ఇద్దరూ లాస్‌ఏంజెలెస్ చేరి 1927లో లాన్సింగ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టారు. ఆ సమయంలోనే మార్టిని కాస్తా జేమ్స్ బులో లాన్సింగ్ అయ్యాడు. ఈనాడు ప్రపంచమంతా పలికే ఆ పేరు కన్నవారు పెట్టినది కాదు, పాతికేళ్ళ కుర్రవాడు తనకు తాను పెట్టుకున్నది.

ఇక్కడ తెలుగు మెయిను మిత్రులు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి. స్పీకరులో ఉండేవి ముఖ్యంగా మూడే: ఒక అయస్కాంతం, దాని సందులో కదిలే తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు కోను. కరెంటు ఎలా ఊగితే చుట్ట అలా ఊగుతుంది, కోను గాలిని తోస్తుంది. సూత్రం పదో తరగతి పిల్లవాడికీ తెలుసు. కష్టమంతా చేతిపనిలో ఉంది. చుట్టకీ అయస్కాంతానికీ మధ్య సందు ఎంత సన్నగా ఉంటే అంత బలం. రవ్వంత పక్కకి జరిగితే రాసుకొని చస్తుంది. లాన్సింగ్ గుండ్రటి తీగని పట్టీలాగా అణచి, అంచుమీద నిలబెట్టి చుట్టేవాడు. అదే సందులో లోహం ఎక్కువ పడుతుంది, బలం పెరుగుతుంది. ఊరికే పుస్తకం చూసి వచ్చే పని కాదిది, మెకానిక్కు చేతికి వచ్చే పని.

1927లోనే అమెరికాలో మాటల సినిమా వచ్చింది. మనకి భక్తప్రహ్లాద 1932లో. సినిమా మాట్లాడటం మొదలుపెట్టింది గాని హాలంతా వినబడేటట్టు మాట్లాడించడం ఎవరికీ సరిగా చేతకాలేదు. మంద్రానికి ఒక బూరా, తారానికి ఒక బూరా పెట్టేవారు. రెండింటి పొడవుల్లో కొన్ని అడుగుల తేడా. ధ్వని అడుగు దూరం నడవడానికి సెకనులో దాదాపు వెయ్యోవంతు పడుతుంది. ఆ తేడా కారణంగా నర్తకి అడుగు ఒక్కటి వేస్తే చెవికి రెండుగా తగిలేది. ఎం.జి.ఎం. స్టూడియో శబ్దవిభాగం అధిపతి డగ్లస్ షీరర్ దీన్ని సరిచేయించడానికి జాన్ హిలియర్డ్ అనే ఇంజనీరును పెట్టుకున్నాడు. స్పీకర్లు చేసిపెట్టింది లాన్సింగ్ దుకాణం. ఆ ఏర్పాటుకి 1936 సంవత్సరపు అకాడమీ సాంకేతిక పురస్కారం వచ్చింది, షీరర్‌కి, స్టూడియోకి. మేస్త్రీ పేరు మేడమీద చెక్కరు కదా.

1939లో డెకర్ విమానప్రమాదంలో పోయాడు. అక్కడినుంచి కథ తిరిగింది. లాన్సింగ్‌కి చేతిలో పని తప్ప పద్దుపుస్తకం పట్టదు. రెండేళ్ళు ఈడ్చి, 1941 డిసెంబరులో కంపెనీని ఆల్టెక్ వాళ్ళకి అమ్మేశాడు. అది ఆల్టెక్ లాన్సింగ్ అయింది, ఇతను అందులో ఉద్యోగి అయ్యాడు. ఉద్యోగంలోనూ మంచి పని చేశాడు. యుద్ధానంతరం సినిమాహాళ్ళలో దశాబ్దాలపాటు నిలిచిన వాయిస్ ఆఫ్ ది థియేటర్ స్పీకర్లలో ఆయన చెయ్యి ఉంది. 1946లో బయటికి వచ్చి మళ్ళీ సొంత కంపెనీ పెట్టాడు. పేరులో లాన్సింగ్ అనే మాట వాడుకోవడానికి ఆల్టెక్ అభ్యంతరం చెప్పింది. అమ్ముకున్న పేరు మరి. చివరికి పూర్తి పేరు, జేమ్స్ బి. లాన్సింగ్ సౌండ్ అని పెట్టుకొని గట్టెక్కాడు. ఆ రోజుల్లో తయారైనదే డి-130 అనే పదిహేనంగుళాల స్పీకరు. నాలుగంగుళాల వెడల్పు తీగచుట్ట. అప్పటికి అంత పెద్ద చుట్ట అరుదు. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో వంద డెసిబెల్స్ దాటి పలికేది. ఆనాటి వాల్వుల ఆంప్లిఫయర్లు పది ఇరవై వాట్ల పేదవి గనుక ఆ గుణం వెలలేనిది.

స్పీకరు బాగుంది. కంపెనీ బాగాలేదు. చేసే ఖర్చుకీ అమ్మే ధరకీ పొంతన లేదు. శాన్ మార్కోస్‌లో ఆయనకి అవకాడో తోట ఉండేది. కొంతకాలం అక్కడినుంచే పని నడిపాడు. 1949 నాటికి కంపెనీ అప్పు సుమారు 20,000 డాలర్లు. ఆ సెప్టెంబరులో లాన్సింగ్ ఆ తోటలోనే తన ప్రాణం తాను తీసుకున్నాడు. నలభై ఏడేళ్ళు.

ఇది చదివిన రాత్రి నాకు హాస్టల్లో నిద్రపట్టలేదు. మా వైపు ఇలాంటి కబురు వస్తే అరుగుమీద ఎవరూ పెద్దగా మాట్లాడరు. కాసేపాగి, ఎంత అప్పటా అని ఒకరు అడుగుతారు. అంకె వింటే, అంతేనా అనిపిస్తుంది ప్రతిసారీ. కంపెనీ పేర ఆయన కట్టిన భీమా 10,000 డాలర్లు వచ్చింది. విలియమ్ థామస్ అనే భాగస్వామి దానితో బండి నిలబెట్టి, గ్లెన్నా వాటా కొనుక్కొని, పేరు మాత్రం మార్చలేదు. కొద్ది సంవత్సరాల్లోనే కంపెనీ నిలదొక్కుకుంది. డి-130 ఆ తర్వాత దశాబ్దాలు అమ్ముడుపోయింది. ఆ మనిషిని ఎవరైనా ఇంకో రెండేళ్ళు ఆపగలిగి ఉంటే! ఆ రాత్రి మామయ్యకి ఫోను చేసి బాక్సుల అప్పు ఇంకా ఎంత ఉందని అడిగాను. చదువుకోరా అని పెట్టేశాడు.

ఇక మామయ్య పెట్టిన తగాదా. జె.బి.ఎల్. ధ్వని తగ్గిందా?

జె.బి.ఎల్. అనే మూడక్షరాల గుర్తు 1950లలో వచ్చింది. లాన్సింగ్ దాన్ని చూడనేలేదు. 1969లో కంపెనీ సిడ్నీ హార్మన్ చేతికి వెళ్ళింది. 1970లో వచ్చిన ఎల్-100 విపరీతంగా అమ్ముడైంది. 1978లో జైరేలో గొడవల వల్ల కోబాల్టు కరువొచ్చి, ఆల్నికో అయస్కాంతాలు వదిలి ఫెర్రైటుకి మారవలసివచ్చింది. పడిపోయింది అనేవాళ్ళు చాలామంది అక్కడ వేలు పెడతారు. నేను ఒప్పుకోను. ఫెర్రైటుతో వచ్చే వక్రతను తగ్గించడానికి ఆ కంపెనీ ఇంజనీర్లు అయస్కాంతక్షేత్రాన్ని ఇరువైపులా సమంగా ఉండేటట్టు కొత్తగా మలిచారు. 2017లో హార్మన్ కంపెనీ మొత్తాన్ని సామ్‌సంగ్ 800 కోట్ల డాలర్లకు కొన్నది. అయినా స్టూడియోలకి, హాళ్ళకి చేసే పెద్ద స్పీకర్లు కొలతల్లో పాతవాటికంటె సమంగా పలుకుతాయి.

మరి మన గదుల్లో ఉండే చిన్నది? స్వరం ఒక స్థాయి కిందికి దిగితే, అదే బిగువు రావడానికి కోను నాలుగు రెట్లు గాలిని కదపాలి. కొబ్బరిబొండామంత పెట్టెకి ఆ గాలి ఎక్కడిది? లోపలి చిప్పు మంద్రాన్ని తోసి తోసి పలికిస్తుంది; ఎక్కువ పెంచితే చేతులెత్తేస్తుంది. దాన్ని డి-130తో పోల్చడం తాటిదోనెని లాంచీతో పోల్చడమే. పడిపోయింది అనేకంటె, ఒకే పేరు వేరువేరు సరుకుల మీదికి ఎక్కింది అనడం న్యాయం. పాతది అద్భుతం అనేవాళ్ళు కూడా ఒకటి మరవకూడదు: 1970లలో చాలా స్పీకర్ల అంచుకి వాడిన ఫోము పదిపదిహేనేళ్ళకి రాలి పొడవుతుంది, మన కొల్లేటి తేమలో ఇంకా ముందే. ఈ రోజు వింటున్న పాత స్పీకరు ఆ రోజుది కాదు.

చెవి కూడా నమ్మదగిన సాక్షి కాదు. హార్మన్ కంపెనీలోనే ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ఒక ప్రయోగం ప్రకటించారు. అవే స్పీకర్లను తెర వెనక వినిపించినప్పుడు ఒక మార్కులు, కళ్ళముందు పెట్టి వినిపించినప్పుడు వేరే మార్కులు వచ్చాయి. విన్నవాళ్ళు ఆ కంపెనీ ఉద్యోగులే!

దసరా సెలవుల్లో ఆ ప్రయోగం మామయ్య షెడ్డులో చేశాను. అమ్మ పాతచీర తెర. ఒక పక్క జె.బి.ఎల్. బాక్సు, ఒక పక్క వడ్రంగి చేసిన పెట్టెలో పేరూ ఊరూ లేని స్పీకరు. ఫోనుతో కొలిచి రెండింటి బిగువూ సమానం చేసి, ఘంటసాల పద్యమే వేశాను. ఎనిమిదిసార్లు అడిగితే మామయ్య నాలుగుసార్లు సరిగా చెప్పాడు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. గెలిచానని సంబరపడ్డాను. అరుపు సంగతి కూడా అప్పుడే తేలింది: పందిట్లో జనం పెంచమంటే ఆయన ఆంప్లిఫయరుని చివరిదాకా తిప్పేస్తాడు, తరంగాల తలలు తెగిపోతాయి. ఆ గరగర ఏ కంపెనీది పెట్టినా వస్తుంది.

కాని రెండు పెట్టెలు అంత ఒకేలా ఎందుకు పలికాయన్నది మనసులో ఉండిపోయింది. సంక్రాంతికి ముందు ఒక బాక్సులో కాయిలు మాడింది. తాడేపల్లిగూడెంలో మామయ్య ఎప్పుడూ ఇచ్చే రిపేరు మేస్త్రీ దగ్గరికి ఇద్దరం తీసుకెళ్ళాం. మేస్త్రీ స్పీకరు ఊడదీసి, తిప్పి చూసి, నవ్వి నా చేతికిచ్చాడు. అయస్కాంతం మీద నంబరు లేదు, అచ్చు లేదు. వడ్రంగి పెట్టెలో ఉన్నదీ ఇదే సరుకట. ముందువైపు అతికించిన అక్షరాలు మాత్రమే వేరు. రెండేళ్ళుగా మామయ్య తిట్టిన తిట్లలో లాన్సింగ్ కంపెనీకి చెందినది ఒక్కటీ లేదు.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. అమ్మినవాడి దగ్గరికి వెళదామంటే, రసీదు లేదన్నాడు. కాయిలు చుట్టించుకొని బస్సులో వస్తూ అక్షరాలు పీకేద్దామా అని అడిగాను. వద్దన్నాడు. బయానా ఇచ్చేవాళ్ళు షెడ్డులోకి వచ్చి ముందు చూసేది ఆ అక్షరాలనేనట. అవి లేకపోతే పెళ్ళికి వెయ్యి రూపాయలు తగ్గించి అడుగుతారట, ఇంకా పద్ధెనిమిది నెలల వడ్డీ ఉందట. మర్నాడు భీమడోలు వైపు పెళ్ళికి బాక్సులు ఎక్కిస్తుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. బురద పడిందని మామయ్య తువ్వాలుతో ఆ మూడక్షరాలూ తుడిచాడు.