ఎబెనెజర్ బటరిక్

ఎబెనెజర్ బటరిక్ (మే 29, 1826 - మార్చి 31, 1903) అమెరికా దేశానికి చెందిన దర్జీ, వ్యాపారవేత్త. ఒకే రకం దుస్తులకు వేర్వేరు సైజులలో కాగితపు నమూనాలను తయారుచేసి, వాటిని పెద్ద ఎత్తున విక్రయించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. ఇంట్లోనే బట్టలు కుట్టుకొనేవారు ప్యాటర్న్ అని పిలిచే పల్చని కాగితపు కత్తిరింపులు ఈయన వల్లనే సామాన్య గృహాలలోకి ప్రవేశించాయి. దర్జీలు తరతరాలుగా తమ చేతిలోనే ఉంచుకొన్న కొలతల విద్యను కాగితం మీదికి ఎక్కించి అంగడిలో అమ్మకానికి పెట్టడం ఈయన చేసిన ముఖ్యమైన పని.

జననం, వృత్తి

బటరిక్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. తండ్రి వడ్రంగి. బటరిక్ మాత్రం దర్జీ పని నేర్చుకొని, అదే వృత్తిలో స్థిరపడ్డాడు. 1850లో ఎలెన్ అగస్టా పొలార్డును వివాహమాడాడు. 1846లో ఎలియాస్ హోవే, 1851లో ఐజాక్ సింగర్ కుట్టు మిషనుకు పేటెంట్లు పొందారు. మిషను వచ్చాక కుట్టడం సులువైంది గాని కత్తిరించడం సులువు కాలేదు. బట్ట మీద కత్తెర పెట్టడానికి ముందు గీయవలసిన గీతలు దర్జీకి తప్ప ఇతరులకు తెలిసేవి కావు.

ఎలెన్ ఇబ్బంది

1863 నాటి సంగతి. ఎలెన్ తమ చిన్నారికి గౌను కుట్టడానికి బల్ల మీద గళ్ళ బట్ట పరచి, సుద్దతో గీతలు గీస్తూ, పిల్లల కొలతకు సరిపడే నమూనా దొరకడం లేదని భర్తతో చెప్పిందని ప్రతీతి. ఆనాటి స్త్రీల పత్రికలలో నమూనాలు రాకపోలేదు. కాని అవి ఒకే సైజులో ఉండేవి. వాటిని పెంచడం, తగ్గించడం కుట్టేవారి తంటాయే. ఈ కథను ఎక్కువగా ప్రచారం చేసింది బటరిక్ సంస్థే కనుక అందులో కొంత వ్యాపార అలంకారం ఉండవచ్చు. అయినప్పటికీ కత్తెర పట్టిన ఇల్లాలి ఇబ్బంది మాత్రం కల్పన కాదు.

ఈ ఇబ్బంది ఎటువంటిదో మన వాడుకతో పోల్చి చూస్తే తేలికగా అర్థమవుతుంది. మన ఊళ్ళలో రవిక కుట్టించుకొనేవారు టైలరుకు ఒక పాత జాకెట్టును ఇస్తారు. దీనిని ఆది జాకెట్టు లేదా కొలత జాకెట్టు అంటారు. ఆది ఒక్క మనిషికే పనికివస్తుంది. అక్క ఆది చెల్లెలికి నప్పదు. అలాగని అన్ని వైపులా ఒక్కో అంగుళం కలిపితే పెద్ద సైజు రాదు. చాతీ చుట్టుకొలత ఒక అంగుళం పెరిగితే ఆ పెరుగుదల ముందు, వెనుక ముక్కలకు పంచబడుతుంది. మెడ చాలా కొద్దిగా పెరుగుతుంది, భుజం మరికొంత, చంక కోత ఇంకొక లెక్కన మారుతుంది. చంక మారితే చేతి పైభాగం కూడా దానికి తగినట్లు మారాలి. లేకపోతే చేయి కుట్టే వేళకు ముక్కలు కలవవు. ఈ నిష్పత్తులను లెక్కకట్టి ప్రతి సైజుకు విడిగా నమూనా కత్తిరించడమే బటరిక్ సాధించినది.

మొదట దళసరి కాగితంతో ప్రయత్నించాడు. అవి మడవడానికి, దూరప్రాంతాలకు పంపడానికి వీలు కాకపోవడంతో పల్చని టిష్యూ కాగితాన్ని ఎంచుకొన్నాడు. మార్పు చిన్నదే గాని వ్యాపారం నిలబడింది దీని మీదనే. మడిచి టపాలో పంపగలిగే వస్తువు ఏ మారుమూల పల్లెకైనా చేరుతుంది. తొలి నమూనాలు పురుషులవి, బాలురవి. ఇటలీ యోధుడు గారిబాల్డీ అనుచరుల దుస్తులను అనుకరించిన బాలుర సూటు నమూనాకు మంచి గిరాకీ వచ్చింది.

న్యూయార్క్‌లో

స్టెర్లింగ్‌లో మొదలైన పని ఫిచ్‌బర్గ్‌కు, అక్కడినుండి 1864లో న్యూయార్క్‌లోని బ్రాడ్వేకు మారింది. 1866 నుండి స్త్రీల దుస్తుల నమూనాలు వెలువడ్డాయి. 1867లో జె. డబ్ల్యు. వైల్డర్, అబ్నర్ పొలార్డు భాగస్వాములుగా ఇ. బటరిక్ అండ్ కంపెనీ ఏర్పడింది. నమూనాలకు ప్రచారం కోసం మొదలుపెట్టిన పత్రికలలో 1873 నాటి డెలినియేటర్ ముఖ్యమైనది. నవలాకారుడు థియోడోర్ డ్రైజర్ 1907 నుండి 1910 వరకు దీనికి సంపాదకుడుగా ఉన్నాడు. 1876 నాటికి సంస్థకు సుమారు 100 శాఖలు, 1,000 ఏజెన్సీలు ఉండేవి. లండన్, పారిస్, బెర్లిన్, వియన్నా నగరాలకు కూడా వ్యాపారం విస్తరించింది.

అయితే కాగితపు నమూనాల ఘనత అంతా బటరిక్‌దే అనడం సరి కాదు. న్యూయార్క్‌కు చెందిన ఎలెన్ కర్టిస్ డెమొరెస్ట్, ఆమె భర్త విలియం 1860 నాటికే తమ పత్రిక ద్వారా నమూనాలను పంపిణీ చేశారు. పేటెంటు తీసుకోని కారణంగా ఆమె పేరు వెనుకబడింది. స్కాట్లండు నుండి వచ్చిన దర్జీ జేమ్స్ మెకాల్ 1870లో ఇదే రంగంలో ప్రవేశించాడు. ఇక బటరిక్ భార్య పేరు సంస్థ కథలో తప్ప సంస్థ పేరులో ఎక్కడా కనిపించదు.

1881లో సంస్థ పునర్వ్యవస్థీకరణ జరిగి బటరిక్ పబ్లిషింగ్ కంపెనీ అయింది. బటరిక్ 1894 వరకు దానికి కార్యదర్శిగా పనిచేసి, 1903లో బ్రూక్లిన్‌లో మరణించాడు.

మరణానంతరం

ఆయన కాలపు నమూనాల మీద అచ్చు గీతలు ఉండేవి కావు. ఏ ముక్క ఎక్కడ అతకాలో చిన్న రంధ్రాలు, గాట్లు చూసి తెలుసుకోవలసి వచ్చేది. కొత్తగా నేర్చుకొనేవారికి ఇది కష్టమే. 1919-20 ప్రాంతంలో డెల్టార్ పేరుతో బొమ్మలతో కూడిన సూచనల పత్రాన్ని జతచేశారు. డెలినియేటర్ అనే ఆంగ్ల పదంలోని మొదటి మూడు, చివరి మూడు అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు.

1952లో ఈ సంస్థ వెలువరించిన వాక్-అవే గౌను చాలా పేరు పొందింది. ఇది చుట్టి కట్టుకొనే గౌను, ముక్కలు తక్కువ. ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నానికి తొడుక్కొని వెళ్ళవచ్చునన్నది పేరులోని భావం. అర్ధశతాబ్దం తరువాత పాత ఫ్యాషన్లపై మోజు పెరిగినపుడు దీనిని నేటి కొలతలకు సవరించి తిరిగి విడుదల చేశారు. పాతకాలపు నమూనాలోని సైజు అంకె, నేటి రెడీమేడ్ దుస్తుల సైజు అంకె ఒకటి కావు. కనుక ఇటువంటివి కుట్టేవారు అంకెను నమ్మక శరీరపు కొలతలనే చూసుకోవాలి. ఖరీదైన బట్ట కోసే ముందు చవక బట్టతో ఒకటి కుట్టి చూడడం మేలు.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతంలో

2016 పునర్విభజనకు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో కుట్టుపని సాంప్రదాయికంగా మేర కులస్థుల వృత్తి. ఇక్కడ ప్యాకెట్టులో అమ్మే నమూనాలు వాడుకలోకి రాలేదు. చీర, ధోవతి కుట్టు అవసరం లేని వస్త్రాలు కాగా, రవిక ఒంటికి అతుక్కొని ఉండవలసినది. దానికి ఆదియే శరణ్యం. అయినా కాగితం పూర్తిగా దూరం కాలేదు. కుట్టుపని నేర్చుకొనే ఆడపిల్లలు తొలి పాఠంగా పాత వార్తాపత్రిక మీద రవిక ముక్కలు గీసి కత్తిరించడం సాధారణ దృశ్యం. ఒక విధంగా ఆ పత్రికే వారి బటరిక్ నమూనా, అదీ ఖర్చు లేకుండా.

1982-83లో మొదలైన డ్వాక్రా పథకానికి ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడత ఎంపికైన మూడు జిల్లాలలో ఆదిలాబాదు ఒకటి. ఇటువంటి మహిళా బృందాలు చేపట్టిన పనులలో కుట్టుపని ఒకటి. మరమగ్గాలకు పేరొందిన సిరిసిల్ల దగ్గర పెద్దూరులో దుస్తుల తయారీ పార్కు వెలసింది. కార్మికులు పదుల పొరల బట్టను ఒక్కసారిగా కోసే ఇటువంటి కర్మాగారాలలో ఎవరి ఆదీ ఉండదు. ఒక మూల నమూనా నుండి చిన్న, మధ్య, పెద్ద సైజులను లెక్కకట్టి తీస్తారు. కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చినా, చాతీకి ఇంత, భుజానికి ఇంత అని పంచే లెక్క ఆ కాగితాల నాటిదే.