వైద్యుని వద్ద శరీరపాఠం నేర్చిన గణితాచార్యుడు బొరెల్లి

బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో చేరిన విద్యార్థికి తొలి సెమిస్టర్లలోనే ఒక సందేహం కలుగుతుంది. గణితం, భౌతికశాస్త్రం ప్రధానంగా చదివి వచ్చినవారి ముందు ఎముకల పేర్లు, కండరాల పేర్లు, సూక్ష్మదర్శిని కింద పరిశీలించవలసిన కణజాలపు పలుచని పొరలు వచ్చి నిలుస్తాయి. వైద్యులు కాబోని తమకు శరీర నిర్మాణ శాస్త్రం, కణజాల శాస్త్రం ఎందుకన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. దీనికి సమాధానం మూడున్నర శతాబ్దాల కిందటి ఒక ఇటాలియన్ గణితాచార్యుని జీవితంలో ఉంది. బయోమెకానిక్స్‌కు ఆద్యుడిగా ప్రపంచం గౌరవించే జియోవన్నీ అల్ఫోన్సో బొరెల్లి ఆయన.

బొరెల్లి 1608 జనవరి 28న నేపుల్స్‌లో జన్మించారు. అప్పట్లో ఆ నగరం స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. తండ్రి స్పెయిన్ సేనలో పదాతి సైనికుడు, తల్లి స్థానికురాలు. రోమ్‌లో గెలీలియో శిష్యుడైన బెనెడెట్టో కాస్టెల్లి వద్ద గణితం అభ్యసించి, సిసిలీ ద్వీపంలోని మెస్సీనా నగరంలో అధ్యాపకులయ్యారు. 1647, 1648 సంవత్సరాల్లో సిసిలీని విషజ్వరాలు పీడించినప్పుడు వాటి కారణాలను అన్వేషించి, 1649లో ఒక గ్రంథం ప్రచురించారు. గ్రహగతులే జ్వరాలకు మూలమన్న వాదాన్ని ఆయన అంగీకరించలేదు. వైద్య విషయాలపై ఆయనకున్న ఆసక్తి అప్పుడే వెల్లడైంది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది 1656వ సంవత్సరం. పీసా విశ్వవిద్యాలయంలో గణితాచార్య పదవి లభించింది. అదే ఏడాది వైద్యశాస్త్ర ఆచార్యునిగా అక్కడికి వచ్చిన యువకుడు మార్సెల్లో మాల్పీజీ. మన పాఠ్యపుస్తకాల్లో కీటకాల విసర్జక అవయవాలుగా కనిపించే మాల్పీజియన్ నాళికలు ఈయన పేరు మీదుగా వచ్చినవే. అప్పటికి బొరెల్లికి 48 ఏళ్లు, మాల్పీజీకి 28. వయసులో ఇరవై ఏళ్లు చిన్నవాడైన వైద్యుని వద్ద గణితాచార్యుడు శరీర నిర్మాణం నేర్చుకున్నారు. అందుకు బదులుగా, ప్రకృతిని బలాలు, కొలతలు, చలనాల భాషలో పరిశీలించే పద్ధతిని ఆయనకు నేర్పారు. బొరెల్లి ఇంటిలోనే జంతువుల అవయవాలను కోసి పరీక్షించేవారు. గుండె కండర తంతువులు మెలితిరిగి అమరి ఉంటాయన్న పరిశీలన అక్కడే రూపుదిద్దుకుంది.

మాల్పీజీ 1659లో బొలోన్యాకు తిరిగి వెళ్లినా ఉత్తర ప్రత్యుత్తరాలు ఆగలేదు. రక్తం శరీరమంతటా ప్రసరిస్తుందని విలియం హార్వే 1628లోనే చాటినా, ధమనుల నుంచి సిరలలోకి అది ఏ దారిన చేరుతుందో ఎవరూ చూడలేదు. కప్ప ఊపిరితిత్తులను సూక్ష్మదర్శిని కింద పరీక్షించిన మాల్పీజీకి ఆ దారి కనిపించింది. అవే కేశనాళికలు. 1661లో ఈ ఆవిష్కరణను ఆయన రెండు లేఖల రూపంలో లోకానికి వెల్లడించారు. ఆ రెండు లేఖలూ బొరెల్లిని ఉద్దేశించి రాసినవే. కణజాల శాస్త్రపు తొలి గ్రంథాలలో ఒకటి, ఆ విధంగా, ఒక గణితవేత్త పేరున వెలువడిన లేఖాద్వయం. తరువాతి కాలంలో ఆ స్నేహం చల్లబడింది గాని, అప్పటికే ఇద్దరి చదువూ మారిపోయింది.

బొరెల్లి 1667లో మెస్సీనాకు తిరిగివచ్చారు. బృహస్పతి ఉపగ్రహాల గతుల మీద, వస్తువుల అభిఘాత బలం మీద గ్రంథాలు వెలువరించారు. 1669 నాటి ఎట్నా అగ్నిపర్వత విస్ఫోటాన్ని స్వయంగా పరిశీలించి నమోదు చేశారు. అయితే స్పెయిన్ పాలనకు వ్యతిరేకంగా సాగిన రాజకీయాల్లో పాలుపంచుకున్నారన్న అనుమానంతో ఆయనకు ప్రవాసం తప్పలేదు. రోమ్‌లో, సింహాసనం త్యజించి అక్కడ స్థిరపడిన స్వీడన్ పూర్వ రాణి క్రిస్టీనా ఆదరణ కొంత లభించింది. సేవకుడొకడు ఉన్నదంతా దోచుకుపోవడంతో 1677లో ఒక మతాచార్యుల మఠంలో తలదాచుకుని, అక్కడి బడిలో పిల్లలకు గణితం బోధిస్తూ శేషజీవితం గడిపారు. 1679 డిసెంబరు 31న కన్నుమూశారు. ఏళ్ల తరబడి రాసిన ప్రధాన గ్రంథం అచ్చులో ఆయన చూడలేదు. జంతువుల చలనాన్ని వివరించే ఆ గ్రంథం రెండు భాగాలుగా 1680, 1681 సంవత్సరాల్లో వెలువడింది.

కండరాలు తక్కువ బలంతో పెద్ద బరువులను ఎత్తుతాయని ఆనాటి పండితుల విశ్వాసం. వాస్తవం దానికి విరుద్ధమని బొరెల్లి నిరూపించారు. మోచేతిని వంచే కండరం మోచేతి కీలుకు సుమారు 4 సెంటీమీటర్ల దూరంలోనే ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది. అరచేయి ఆ కీలుకు 30 సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. కనుక చేతిలో 5 కిలోల బరువును నిలపాలంటే కండరం దానికి దాదాపు 8 రెట్ల బలం ప్రయోగించవలసిందే. కండరం ఎముకకు ఎక్కడ అతుక్కుని ఉందో కంటితో చూడనివారు ఈ లెక్క వేయలేరు. మీట సూత్రం తెలియనివారు, చూసినా వేయలేరు. మనిషిని పలకపై పడుకోబెట్టి, పలకను పదునైన అంచు మీద తూచి శరీర గరిమనాభిని ఆయన నిర్ణయించారు. మన ఛాతీ కండరాలు శరీర బరువుకు చాలవు కనుక రెక్కలు కట్టుకున్నంత మాత్రాన మనిషి ఎగరలేడని కూడా తేల్చారు.

అదే గ్రంథంలో పెద్ద పొరపాట్లూ ఉన్నాయి. గుండెను దవడ కండరాలతో పోల్చి, అది అధిగమించే నిరోధం 1,80,000 పౌండ్లని అంచనా వేశారు. రక్తపీడనాన్ని గొట్టంతో నేరుగా కొలిచిన స్టీఫెన్ హేల్స్ 1733లో ఎడమ జఠరిక మోసే భారాన్ని సుమారు 50 పౌండ్లుగా లెక్కగట్టారు. నాడుల ద్వారా వచ్చే ద్రవం రక్తంతో కలిసి పొంగడం వల్ల కండరం ఉబ్బి కుదించుకుంటుందని కూడా బొరెల్లి భావించారు. కండరంలోని సన్నని తంతువులు ఒకదానిపై ఒకటి జారడమే సంకోచానికి కారణమని 1954లో గాని తేలలేదు. ఆయన గణితంలో లోపం లేదు. ఆనాటి సూక్ష్మదర్శినికి అందని కణజాలం గురించి ఊహించవలసి వచ్చిన చోటనే లెక్క తప్పింది.

నేటి ఇంజినీరుకు సూక్ష్మదర్శిని కొరత లేదు. అయినా పొరపాటుకు తావుంది. తుంటి కీలు మార్పిడిలో వాడే టైటానియం మిశ్రలోహపు స్థితిస్థాపక గుణకం సుమారు 110 గిగాపాస్కల్‌లు. గట్టి ఎముకకు అది దాదాపు 20కి మించదు. భారాన్ని ఎక్కువగా లోహమే మోసేస్తే, పని తగ్గిన ఎముక క్రమంగా పలచబడుతుంది. ఎముక నిర్జీవమైన కడ్డీ కాదనీ, భారాన్నిబట్టి తనను తాను పునర్నిర్మించుకునే సజీవ కణజాలమనీ తెలియని రూపకర్త, బలమైన కీలును తయారుచేసి బలహీనమైన తొడను మిగల్చగలడు.

మన దేశంలో దీనికి చక్కని ఉదాహరణ తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ రూపొందించిన కృత్రిమ గుండె కవాటం. శస్త్రవైద్యుడు ఎం.ఎస్. వలియథన్ నాయకత్వంలో వైద్యులు, ఇంజినీర్లు ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. మొదటి మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు.

బయోమెకానిక్స్‌లో విశిష్ట కృషికి అమెరికా శాస్త్ర సంఘం ఇచ్చే అత్యున్నత పురస్కారం నేడు బొరెల్లి పేరు మీదే ఉంది. పురస్కారం కోరని విద్యార్థి సైతం ఆయన నుంచి గ్రహించదగినది ఒకటుంది. 48 ఏళ్ల వయసులో, ఆచార్య పదవిలో ఉండి కూడా, తనకు తెలియని శాస్త్రాన్ని తనకన్నా చిన్నవాని వద్ద కూర్చుని నేర్చుకోవడానికి ఆయన వెనుకాడలేదు.