మెల్లగా నడువ నేర్చిన కాటన్ దొర

గోదావరి మండలములలో కాటన్ దొర పేరు ఎరుగని యిల్లు అరుదు. ధవళేశ్వరమున ఆయన విగ్రహము కలదు. ఆయన పేర ఆనకట్ట కలదు. గోదావరిలో స్నానమాడునప్పుడు సంకల్పములో ఆయనను స్మరించువారును కలరు. గుఱ్ఱమెక్కి గట్ల వెంబడి తిరుగు దృఢకాయుడైన ఇంజనీరుగానే ఆయన మన మనస్సులలో నిలిచియున్నాడు. ఆ గుఱ్ఱముమీది మనుష్యుడు పలుమారు రోగపీడితుడై, చేపట్టిన పనిని నడుమనే విడిచి, సముద్రములు దాటి విశ్రాంతికి పోవలసివచ్చిన సంగతి మాత్రము అంతగా ప్రచారములో లేదు.

ఆర్థర్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదియవవాడు. అడిస్కోంబులోని కంపెనీవారి సైనిక పాఠశాలలో చదివి, పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1821లో మద్రాసునకు వచ్చి ఇంజనీర్ల దళములో పనిచేయ మొదలుపెట్టెను. మొదటి బర్మా యుద్ధములోను పనిచేసెను. యౌవనమందే క్రీస్తునందు దృఢమైన విశ్వాసము కుదిరి, అది ఆయన తుదిదినములవరకు సడలలేదు.

అయితే ఆయన స్వభావము త్వరగలది. చేయవలసినది కనబడిన పిమ్మట ఆలస్యమును సహింపజాలడు. పై అధికారులకు ఆయన వ్రాసిన నివేదికలలో ఓర్పుకంటె వేడియే హెచ్చు. కరవున జనులు చచ్చుచుండగా కాగితములు బల్లపైనుండి బల్లపైకి నెమ్మదిగా కదలుట ఆయనకు పాపముగా తోచెను. ఈ విషయమున ఆయనను తప్పుపట్టుట కష్టము. కాని యట్టివానికి మంచము పట్టుట ఎంతటి పరీక్షయో ఊహింపవచ్చును.

దక్షిణ జిల్లాలలో తిరుగుచు సర్వే పనులు చేయు దినములలోనే అడవి జ్వరము ఆయనను పట్టుకొనెను. అది మనము నేడు మలేరియా అని చెప్పుకొనునట్టిదే కావచ్చును. ఆ వ్యాధి ఒకసారి వచ్చి పోవునది కాదు. తగ్గినట్లే యుండి, నెలలు గడచిన తరువాత మరల వణకించును. దోమవలన అది వ్యాపించునను సంగతి అప్పటి వైద్యులకు తెలియదు. సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని కనుగొనినది 1897లో. అప్పటికి కాటన్ దొర తొంబది నాలుగేండ్ల వృద్ధుడు. ఆయన యౌవనమున రోగికి దొరకిన మందులు రెండే: క్వినీను, సముద్రపు గాలి. 1830 ప్రాంతమున ఆయన అనారోగ్యము చేత సెలవుపై స్వదేశమునకు వెళ్లి, కొంత కోలుకొని తిరిగివచ్చెను.

తిరిగివచ్చిన తరువాత తంజావూరు ప్రాంతమున కొల్లడము నదిపై 1836లో రెండు ఆనకట్టలు కట్టించెను. అచ్చట ప్రాచీనులు కట్టిన కల్లణను ఆయన శ్రద్ధతో పరిశీలించెను. అడుగున రాయి దొరకని ఇసుక నేలపై ఇంత భారమైన కట్టడము ఎట్లు నిలుచును? ప్రాచీనులు ఇసుకలో రాళ్లు వేయుచు, అవి దిగిపోయినకొలది మరల వేయుచు, ఇక దిగని వరకు ఓర్పుతో వేచిరి. ఆ విద్య తాను వారివలన నేర్చుకొంటినని కాటన్ దాచక ఒప్పుకొనెను. పని విజయవంతమాయెను, ఆరోగ్యము మాత్రము మరల చెడెను. ఈసారి టాస్మేనియా దీవికి పోవలసి వచ్చెను. 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను యువతిని వివాహమాడి, 1843లో భార్యతోను పసిబిడ్డతోను మరల మనదేశమునకు వచ్చెను.

అప్పటికి ఆయనకు నలువది యేండ్లు. దేహమునకు భారమైన పని తగదని తలంచి, ఆయనను తేలిక పనిమీద విశాఖపట్టణమునకు పంపిరి. అచ్చట ఒక చర్చి కట్టించుట, తీరమును కోసివేయుచున్న సముద్రమునకు అడ్డముగా రాళ్ల కట్టలు వేయించుట ఆయన పని. కావేరి ప్రాంతమున పెద్ద నదులను అదుపుచేసి వచ్చినవానికి ఇది చిన్న పని. అయినను ఆయన దానిని చిన్నచూపు చూడలేదు. అలల రాకపోకలను కనిపెట్టి, ఎచ్చట రాయి వేసిన ఇసుక తానే చేరి నిలుచునో తెలిసికొని పని నడపెను. ఆరోగ్యవంతుడై యుండినయెడల ఆయన దక్షిణమందే ఉండెడివాడేమో. గోదావరికి ఆయనను చేరువ చేసినది ఆ బలహీనతయే.

గోదావరి మండలపు స్థితి అప్పుడు కడు దయనీయము. 1833 నాటి కరవు, 1839 నాటి తుఫాను ఆ సీమను పాడుచేసెను. 1821లో 7 లక్షల 38 వేలున్న జనసంఖ్య ఇరువది యేండ్లలో 5 లక్షల 61 వేలకు పడిపోయెను. ఇంత జీవనది ప్రక్కన పారుచుండగా పొలములు ఎండిపోవుచుండెను. వరదలు వచ్చిన మునిగిపోవుచుండెను. కారణము పరిశీలింపుమని 1844లో ప్రభుత్వము కాటన్‌ను పంపెను. విశ్రాంతి నిమిత్తము ఉత్తరాదికి వచ్చిన రోగి కోనసీమ లంకలలోను బురద దారులలోను తిరిగి, ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టవలెనని నివేదించెను. అచ్చట నది లంకలతో కూడ సుమారు నాలుగు మైళ్ల వెడల్పు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగా కట్టడము సాగవలెను.

1847లో పని ఆరంభమాయెను. వరదలు తగ్గిన తరువాత మొదలుపెట్టి, మరల నీరు రాకముందే గట్టిచేసికొనవలసిన పని యది. వేలకొలది కూలీలు, రాళ్ల బండ్లు, సున్నపు బట్టీలు. వేసవి యెండలో ఇసుక మీద నిలువలేని వేడిమి. కాటన్ దొర ఆ యెండలోనే నిలిచెను. వడదెబ్బ తగిలెను. 1848లో, పని సగము కూడ కాకమునుపే, వైద్యుల మాట మీద ఆస్ట్రేలియాకు పోక తప్పలేదు.

ఇచ్చట కొంచెము ఆగి ఆయన స్థితిని ఆలోచింపవలెను. ఆనాడు తంతి లేదు. ఓడ తెరచాపలతో నెలల తరబడి పోవలెను. జాబు ఒకటి చేరుటకు నెలలు పట్టును. నదిలో అసంపూర్ణమైన గోడ నిలిచియున్నది. దానిమీద గోదావరి వరదలు పారును. గోడ నిలిచెనా, కొట్టుకొనిపోయెనా యనునది ఆయనకు తెలియుటకే ఋతువు మారిపోవును. త్వరపడుటయే స్వభావముగా గలవాడు ఏమియు చేయలేక, ఏమియు తెలియక, దూరదేశమున ఆకలి పుట్టువరకు, నిద్ర పట్టువరకు, కాళ్లలో బలము వచ్చువరకు కాచుకొనవలసి వచ్చెను. రోగమును మేలని పొగడుట న్యాయము కాదు; ఆ రెండేండ్లు ఆయన జీవితమునుండి కోసివేయబడినవే.

అయితే పని ఆగలేదు. బాధ్యత కెప్టెన్ ఆర్ చేతికి వచ్చెను. ఆయన సమర్థుడు, పిమ్మట బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్టను కట్టించినవాడు ఆయనయే. కూలీలను సమకూర్చి, పనివారికిని దొరలకును నడుమ నిలిచి నడపిన వీణం వీరన్నగారు ధవళేశ్వరముననే యుండిరి. కాటన్ లేని దినములలో ఆనకట్ట వారి చేతులలో పెరిగెను. 1850లో ఆయన తిరిగివచ్చి చూచునప్పటికి అది తన ఒక్కని పనిగా మిగిలియుండలేదు. 1852లో ఆనకట్ట పూర్తియాయెను. వైనతేయ పాయమీద గన్నవరము అక్విడక్టును లెఫ్టినెంటు హెయిగ్, వీరన్నగారు కలిసి కట్టించిరి. దానివలన నగరపు లంకకు నీరు పారెను. సహచరులు చేసిన పనిని తనదిగా చెప్పుకొను అలవాటు కాటన్‌కు లేకుండెను.

త్వర ఆయనను పూర్తిగా విడిచెనని చెప్పలేము. 1860లో ఉద్యోగము విరమించి, మరుసటి సంవత్సరము సర్ బిరుదు పొందిన తరువాత కూడ, రైళ్లకంటె కాలువలే మనదేశమునకు మేలని ఏండ్ల తరబడి వాదించెను. 1878లో పార్లమెంటు సంఘము ఎదుట ఆయన ప్రణాళికలు విచారణకు వచ్చి నిరాకరింపబడెను. అందుకు నొచ్చుకొనెను, కలము మాత్రము విడువలేదు.

ఒకప్పుడు బ్రదుకుట కష్టమని తోచిన ఆ దేహము తొంబది యారేండ్లు నిలిచెను. వృద్ధాప్యమున డార్కింగు పట్టణములో తన తోటయే ఆయనకు పనిస్థలము. చిన్న మడులను లోతుగా త్రవ్వించి, మట్టిని గుల్లచేసి, గోధుమ గింజలు నాటించి, తక్కువ నేలలో ఎక్కువ పంట పండించు విధమును పరీక్షించుచుండెను. ఆ పనికి తొందర పనికిరాదు; ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క సంవత్సరము కావలెను. తొంబదేండ్లు దాటినవాడు పంట చేతికి వచ్చువరకు కాచి, కంకులు లెక్కించి, మరుసటి యేటికి మరల మడి సిద్ధపరచుకొనెను.

1899 జూలై 24వ తేదీన ఆయన డార్కింగులో ప్రభువునందు నిద్రించెను. గోదావరికి అది వరదలు వచ్చు మాసము.